కార్డు తెలుగులో ఉంది, బాబు ఒడిశాలో ఉన్నాడు

మల్కన్‌గిరి నుంచి ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ముందు క్లుప్తంగా చెప్తాను. పురుడు పుట్టింట్లో, భద్రాచలంలో జరిగింది. పుట్టిన రోజు వేయవలసిన టీకాలు అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలోనే వేశారు. ఏడో వారంలో మిగతావి మొదలుపెట్టారు. ఆ రాత్రి బాబుకు జ్వరం వచ్చింది, తెల్లవార్లూ ఏడ్చాడు. తర్వాత మల్కన్‌గిరి వచ్చేశారు. "పసివాడు కాస్త బలం పుంజుకున్నాక చూద్దాం" అని అత్తగారు ఆపించారు. ఇప్పుడు బాబుకు ఐదో నెల నడుస్తోంది. అన్నీ ఒకేసారి కాకుండా నెలకొకటి చొప్పున వేయిద్దామని భర్త అంటున్నారు. ప్రైవేటు పిల్లల డాక్టరు ఒక పొడుగాటి పట్టిక రాసిచ్చారు. ఇక్కడి ఆరోగ్య కార్యకర్తకు తెలుగు కార్డు చదవడం రాదు. మళ్ళీ మొదటి నుంచి వేయించాలా, ఏ వరుసలో వెళ్ళాలి, భుజం మీద బీసీజీ (క్షయకు వేసే టీకా) మచ్చ పడలేదు, పర్వాలేదా అన్నవి ఆమె ప్రశ్నలు.

అమ్మా, నేను పర్లాకిమిడి మనిషిని. ఒడిశా ఆరోగ్య శాఖలో ఏఎన్‌ఎంగా, అంటే ఊళ్ళలో టీకాలు వేసే నర్సుగా, చేరి సూపర్‌వైజరుగా రిటైరయ్యాను. 33 ఏళ్ళలో గజపతి, రాయగడ, కొరాపుట్ తిరిగి చివరి ఎనిమిదేళ్ళు మీ మల్కన్‌గిరిలోనే పనిచేశాను. డాక్టరును కాను. ఎన్ని తొడలకు సూది వేశానో, ఎన్ని కార్డులు తిరగేశానో మాత్రం లెక్క లేదు.

మొదటి నుంచి మొదలుపెట్టనక్కర్లేదు. ఒక మోతాదుకూ మరో మోతాదుకూ మధ్య కనీసం నాలుగు వారాలు ఉండాలన్న నియమం ఉంది కానీ, ఎక్కువ రోజులైతే పాతది చెల్లదన్న నియమం లేదు. ఏడో వారంలో వేసింది ఒంట్లో తన పని తాను చేసుకుంది. తోడు పెట్టి మరిచిపోయిన పెరుగులా అది పులిసిపోదు. ఆలస్యం వల్ల జరిగే నష్టం ఒక్కటే, ఈ మధ్య రోజుల్లో బాబు సగం రక్షణతో తిరుగుతున్నాడు. ఆ నష్టం చిన్నది కాదు, దాని సంగతి తర్వాత చెప్తాను.

మీ బాబు లెక్క ఇలా ఉంటుంది. వచ్చే బుధవారం, టీకాల రోజునే, తీసుకెళ్ళండి. ఐదు జబ్బులకు కలిపి వేసే పెంటావాలెంట్ రెండో మోతాదు, పోలియో చుక్కలు రెండోసారి, విరేచనాల జబ్బు రాకుండా వేసే రోటావైరస్ చుక్కలు రెండోసారి వేస్తారు. మొదటిసారి వేసి ఎనిమిది వారాలు దాటింది కాబట్టి న్యుమోనియా టీకా రెండో మోతాదు, భుజానికి వేసే చిన్న పోలియో సూది రెండోది కూడా అదే రోజు పడతాయి. అంటే మూడు సూదులు, రెండు రకాల చుక్కలు. నాలుగు వారాల తర్వాత పెంటావాలెంట్ మూడోది, రెండు రకాల చుక్కలూ మూడోసారి. ఆరో నెల నిండే వేళకు బాబు తన ఈడు పిల్లలను అందుకుంటాడు. అక్కడి ఏఎన్‌ఎం కార్డులో తేదీలు చూసి ఖాయం చేస్తుంది.

ఇక మీవారు అన్న నెలకొకటి సంగతి. చాలామంది తండ్రులు అడుగుతారు, మనసులో ప్రేమే ఉంటుంది, కాదనను. కాగితం మీద లెక్క వేసి చూడమనండి. పైన చెప్పినవి ఈసారి అయిదు, వచ్చేసారి మూడు, మొత్తం ఎనిమిది. నెలకొకటి అంటే ఎనిమిది నెలలు. అప్పటికి బాబుకు ఏడాది నిండవస్తుంది. ఈ లోపు తొమ్మిది నెలలకు వేయవలసినవి వచ్చి ఆ వరుస వెనక నిలబడతాయి. పైగా పెంటావాలెంట్‌ను విడదీయడం కుదరదు. కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్ బి, హిబ్ (న్యుమోనియా, మెదడు పొరల వాపు తెచ్చే క్రిమి) అనే ఐదింటి మందూ ఒకే సూదిలో ఉంటుంది. ఒక రోజు ఏడ్చే ఏడుపును ఎనిమిది రోజులకు పంచడం తప్ప ఆ ఆలోచనలో బిడ్డకు కలిసొచ్చేది లేదు.

అసలు ఆరు, పది, పద్నాలుగు వారాలని అంత తొందరగా ఎందుకు పెట్టారో తెలిస్తే మీ అత్తగారి మాటకు జవాబు దొరుకుతుంది. "బలం పుంజుకున్నాక" అంటారామె. బలం లేని రోజుల్లోనే చంపే జబ్బుల కోసమే ఈ టీకాలు. రాయగడ కొండల్లో ఒక ఊరికి వెళ్ళినప్పుడు రెండు నెలల పిల్లను చూశాను. పెద్ద పిల్లలకు కోరింత దగ్గు వస్తే దగ్గి దగ్గి చివర కూతపెట్టినట్టు గాలి పీలుస్తారు, ఆ చప్పుడుతో జబ్బు పట్టేయవచ్చు. ఈ పిల్ల దగ్గలేదు. తల్లి ఒళ్ళో పడుకుని ఉన్నట్టుండి ఊపిరి ఆపేసింది. పెదవుల చుట్టూ నీలం, మెల్లగా గోళ్ళకు పాకింది. అరికాలు గిల్లితే మళ్ళీ ఒక ఊపిరి తీసింది. ఆసుపత్రి చేరేదాకా జీపులో అలా గిల్లుతూనే కూర్చున్నాను. పిల్ల బతికింది. ఇంట్లో ఆరేళ్ళ అన్నకు మూడు వారాలుగా దగ్గు ఉందని తర్వాత తెలిసింది. అంత పసికందుల్లో కోరింత దగ్గు ఇలా ఉంటుంది, దగ్గు వినిపించదు, ఊపిరి ఆగుతుంది. ఆరో వారమనే లెక్క ఎవరి తొందర కోసమో పెట్టింది కాదు.

అయినా అత్తగారితో వాదం పెట్టుకోకండి. నేనైతే ఇంట్లో పెద్దావిడ అడ్డం పడితే ఆమె జబ్బ చూపించమని అడిగేదాన్ని. యాభై దాటిన వాళ్ళకు చాలామందికి అక్కడ గుండ్రటి గుంటలు ఉంటాయి, మశూచి టీకాలవి. "ఇది మీ అమ్మ మిమ్మల్ని ఎత్తుకుని వేయించింది కదమ్మా" అంటే ఆ ముఖంలో ఏదో కదిలేది. అమ్మవారు వచ్చి పోయిన వాడలను గురించి ఆమే చెప్పడం మొదలుపెట్టేది. 1975 తర్వాత ఈ దేశంలో ఒక్కరికీ మశూచి రాలేదు. మీ అత్తగారిని టీకాల రోజున వెంట తీసుకెళ్ళండి, బాబును ఆమె ఒళ్ళోనే కూర్చోబెట్టండి. ఇంటికొచ్చాక "నేనే దగ్గరుండి వేయించాను" అని ఆవిడే పక్కింటివాళ్ళకు చెప్తుంది.

జ్వరం గురించి. పెంటావాలెంట్‌లో కోరింత దగ్గు భాగం జ్వరం తెస్తుంది, ఒకటి రెండు రోజులుంటుంది, సూది వేసిన చోట వాపు, నొప్పి మామూలే. పాలు ఎక్కువసార్లు ఇవ్వండి, వాచిన చోట తడిబట్ట వేయండి, నలపకండి. పారాసెటమాల్ బరువును బట్టి ఎంతో అక్కడే అడిగి రాయించుకోండి. ఇక్కడొక పొరపాటు తరచూ జరుగుతుంది. పసిపిల్లలకు ఇచ్చే చుక్కల మందు చిక్కగా ఉంటుంది, సాధారణంగా ఒక మిల్లీలీటరులో 100 మిల్లీగ్రాములు. సిరప్‌లో ఐదు మిల్లీలీటర్లకు 120 చిల్లర. సిరప్ కొలత విని చుక్కల మందు అంత పోస్తే నాలుగు రెట్లు పడుతుంది. సీసా మీద అంకె చదవకుండా మూత తీయకండి. మూడు గంటలకు పైగా ఊరుకోకుండా ఏడిస్తే, ఫిట్స్ వస్తే, ఒళ్ళు వేలాడేస్తే, పాలు తాగకపోతే వెంటనే ఆసుపత్రికి. సూది వేసిన అరగంట అక్కడే కూర్చోవాలి, ఎండెక్కిందని లేచిపోకండి. చిన్న జలుబు, ముక్కు కారడం, రెండు విరేచనాలు ఆపడానికి కారణాలు కావు. మొదటిసారి రాత్రంతా ఏడ్చాడన్నారు కాబట్టి ఆ మాట ఈసారి వేసే ముందు చెప్పండి. ఏఎన్‌ఎం నాలుగు ప్రశ్నలు అడుగుతుంది, మీరు రాసినట్టు అది జ్వరపు ఏడుపే అయితే వేస్తుంది.

ఇక కార్డు. సరిహద్దు జిల్లాల్లో టీకాలు తప్పడానికి మొండితనం కంటే కార్డులే పెద్ద కారణమని నా అనుభవం. పురుడు పుట్టింట్లో, ఉద్యోగం ఇంకో రాష్ట్రంలో, పుట్టువెంట్రుకలకు మరో ఊరు. ఒక పిల్లకు నా దగ్గర రెండు కార్డులు దొరికాయి. తెలుగు కార్డు ట్రంకు పెట్టెలో పట్టుచీరల కింద ఉంది, ఒడియా కార్డు బియ్యం డబ్బా మీద ఉంది. తెలుగులో మూడు మోతాదులు పడ్డాయి. ఒడియా కార్డు ఇచ్చినామె ఆ సంగతి తెలియక మొదటి గడి నుంచి మళ్ళీ నింపుకుంటూ వచ్చింది. ఆ పిల్లకు హాని జరగలేదు కానీ ఊరికే ఎన్ని సూదులు తిన్నదో చూడండి. తిరగేసి జరిగితే ఇంకా కష్టం. అక్కడ వేసి ఉంటారని ఇక్కడివాళ్ళు, ఇక్కడ వేస్తారని అక్కడివాళ్ళు అనుకుని బిడ్డకు ఏమీ పడకపోవడం నేను అంతకంటే ఎక్కువసార్లు చూశాను.

మీ ఆరోగ్య కార్యకర్తకు తెలుగు రాకపోయినా తేదీలు అంకెల్లో ఉంటాయి, టీకాల వరుస దేశమంతా దాదాపు ఒక్కటే. పక్కన కూర్చుని ఒక్కొక్క గడి పేరు మీరు చదవండి, ఆమె రాసుకుంటుంది. టీకా అన్న మాట ఒడియాలోనూ టీకాయే, మిగతావన్నీ బీసీజీ, పెంటా అనే ఇంగ్లిషు పేర్లు, రెండు భాషల్లోనూ ఒకేలా పలుకుతాయి. ఒడియా కార్డు కొత్తది తీసుకోండి, పాత తేదీలన్నీ అందులోకి ఎక్కించమనండి, తర్వాత రెండింటినీ కలిపి కుట్టేయండి. పాతది పారేయకండి. రెండింటి ఫోటో తీసి మీ ఫోనులో, మీవారి ఫోనులో ఉంచండి. భద్రాచలంలో యూ-విన్‌లో, అంటే టీకాల వివరాలు ఎక్కించే ప్రభుత్వ ఆన్‌లైన్ పద్దులో, పేరు నమోదు చేసి ఉంటే అప్పుడు ఇచ్చిన ఫోను నంబరే ఇక్కడ చెప్పండి, పాత వివరాలు తెర మీదకు వస్తాయి. పుట్టింటివాళ్ళ నంబరు ఇచ్చారేమో కనుక్కోండి, పురుళ్ళలో సాధారణంగా తాతగారి నంబరే ఎక్కుతుంది.

ఒక్కోసారి "ఈ రోజు పిల్లలు తక్కువ, సీసా తెరిస్తే వృథా, వచ్చే వారం రండి" అంటారు. సీసాలో మోతాదులు ఎక్కువ ఉంటాయి, కొన్ని టీకాలు కలిపాక నాలుగు గంటల్లో పారేయాలి, అందుకని వాళ్ళకు చెయ్యి రాదు. కానీ నియమం స్పష్టంగా ఉంది, ఒక్క బిడ్డ వచ్చినా సీసా తెరవాలి. మర్యాదగా గుర్తుచేయండి. మందు చల్లగా వచ్చిందో లేదోనన్న అనుమానం ఉంటే సీసా మీద గుండ్రటి గుర్తు మధ్యలో చిన్న చదరం చూడండి. చదరం చుట్టూ ఉన్న రంగు కంటే లేతగా ఉంటే మందు మంచిదే. చూపించమంటే ఏ ఏఎన్‌ఎం అయినా చూపిస్తుంది, నన్నడిగితే సంతోషించేదాన్ని. చిత్రకొండ జలాశయం అవతలి ఊళ్ళకు 2018లో గురుప్రియ వంతెన వచ్చేదాకా టీకాలు చల్లగా ఉంచే పెట్టెను లాంచీలో తీసుకెళ్ళేవాళ్ళం. నాలుగు ఐసు పలకల మధ్య సీసాలు, పెట్టె మన ఒళ్ళో. ఎండకు మనం మాడినా దానికి గొడుగు పట్టేవాళ్ళం.

తొమ్మిది నెలల టీకాల దగ్గర మన తెలుగువాళ్ళం చేసే తప్పు ఒకటి ఉంది. "తొమ్మిదో నెల పడింది" అనగానే తీసుకొస్తారు. పడడం కాదు, నిండాలి. తట్టు, రుబెల్లా టీకా తొమ్మిది నెలలు నిండాక వేస్తేనే లెక్కలోకి వస్తుంది. అంతకు ముందు తల్లి నుంచి వచ్చిన రక్షణ బిడ్డ ఒంట్లో మిగిలి ఉండి టీకాను పనిచేయనివ్వదు. నిండాక వేసినా నూటికి 85 మందిలోనే పట్టుకుంటుంది, అందుకే 16 నుంచి 24 నెలల మధ్య రెండోది. ఆ రెండోదాన్ని ఎగ్గొట్టేవాళ్ళు చాలామంది, బిడ్డ నడుస్తున్నాడు కదా ఇంకేం టీకాలని.

మీరు మల్కన్‌గిరిలో ఉన్నారు కాబట్టి తొమ్మిది నెలలకు ఇంకొకటి కలుస్తుంది, జపనీస్ మెదడువాపు టీకా. ఇది అన్ని జిల్లాల్లో వేయరు, ఈ జబ్బు పాతుకుపోయిన జిల్లాల్లోనే వేస్తారు. మీ ప్రైవేటు డాక్టరు పట్టికలో లేదని రాశారు, ఆయన ఇంకో జిల్లాలో ఉండి రాశారేమో. మీరు మాత్రం వదలకండి. 2016లో వర్షాలు వెనకబట్టాక మల్కన్‌గిరిలో 100 మందికి పైగా పిల్లలు పోయారు. నేను అప్పుడు అక్కడే ఉన్నాను. పొద్దున ఆడుకున్న పిల్లవాడు మధ్యాహ్నానికి స్పృహ తప్పి వచ్చేవాడు. జిల్లా ఆసుపత్రి వరండాలో తల్లులు చీర కొంగు తడిపి పిల్లల నుదుట వేస్తూ కూర్చునేవారు. కొందరిలో మెదడువాపు వైరస్ దొరికింది. మరికొందరి చావుకు పొలం గట్ల మీద పెరిగే కసివింద గింజల విషం కారణమని పరిశోధించిన బృందం తేల్చింది. ఒడియాలో దాన్ని బణ చాకుండా అంటారు. ఆ తర్వాతే జిల్లాలో ఊరూరా ఈ టీకా వేశారు.

రెండూ వేరు వేరని గుర్తుంచుకోండి. టీకా వైరస్‌నే ఆపుతుంది, గింజ విషాన్ని ఆపదు. బాబు నడక నేర్చాక కసివింద కాయలు నోట పెట్టకుండా చూసుకోవాలి, ఇంటి చుట్టూ ఉంటే పీకేయాలి. వైరస్ సంగతికొస్తే అది పందుల్లో, కొంగల్లో ఉండి వరి మళ్ళల్లో పెరిగే దోమల ద్వారా మనుషులకు వస్తుంది. టీకాతో పాటు దోమతెర కూడా కావాలి. ఈ టీకా రెండు మోతాదులు, తొమ్మిది నెలలు నిండాక ఒకటి, 16 నుంచి 24 నెలల మధ్య ఒకటి. అప్పుడు మీరు పుట్టింట్లో ఉంటే అక్కడ అది దొరక్కపోవచ్చు. ప్రయాణం పెట్టుకునేటప్పుడు ఆ తేదీ చూసుకుని పెట్టుకోండి.

ప్రైవేటు పట్టిక పొడుగు చూసి భయపడకండి, మోసమనీ అనుకోకండి. పిల్లల డాక్టర్ల సంఘం సిఫారసు చేసే వాటిలో ప్రభుత్వ జాబితాలో లేనివి కొన్ని ఉన్నాయి. వాటిలో నేనైతే ముందు టైఫాయిడ్ టీకాకు డబ్బు పెడతాను. ఆరు నెలలు నిండాక వేస్తారు, మన వైపు నీళ్ళ సంగతి మీకు తెలిసిందే. గవదబిళ్ళల రక్షణ ప్రభుత్వ టీకాలో లేదు, ఉన్నది తట్టు, రుబెల్లాలకే. ఆటలమ్మకు, హెపటైటిస్ ఎ కామెర్లకు వేసేవి ఏడాది దాటాక చూసుకోవచ్చు. ఫ్లూ టీకా ఏటేటా వేయించాలి, స్తోమతను బట్టి. నొప్పి లేని టీకా అని రాసినది కోరింత దగ్గు భాగాన్ని వేరే పద్ధతిలో తయారుచేసినది. జ్వరం తక్కువ, ధర ఎక్కువ, రక్షణ కాస్త తొందరగా తగ్గుతుంది. మొదటి మూడు మోతాదులకు ఉచితంగా వేసేదే చాలని నా అభిప్రాయం. ఏది ఎంచుకున్నా సగం అక్కడ సగం ఇక్కడ చేయకండి. చేస్తే ప్రతిదీ అదే కార్డులో ఎక్కించండి. అప్పు చేసి పట్టిక మొత్తం పూర్తి చేయాలని మాత్రం అనుకోవద్దు. ఉచిత జాబితా పూర్తయిన బిడ్డకు పెద్ద గండాలన్నీ గడిచినట్టే. మరో సంగతి, రోటావైరస్ చుక్కలు ఒకప్పుడు ప్రైవేటులో డబ్బు పెట్టి కొనేవే. 2016లో ఉచితంగా మొదలుపెట్టిన 4 రాష్ట్రాల్లో ఒడిశా, ఆంధ్రప్రదేశ్ రెండూ ఉన్నాయి. పట్టికలు మారుతుంటాయి, ఏడాదికోసారి అడుగుతూ ఉండండి.

ఇక బీసీజీ మచ్చ. సూది పడ్డాక రెండు నుంచి ఆరు వారాల మధ్య చిన్న పొక్కు లేస్తుంది, చితికి రసి కారుతుంది, మెల్లగా ఆరి గుంటలా మిగులుతుంది. ఆ దశలో పసుపు గానీ ఆకు పసరు గానీ రాయకూడదు, మామూలుగా స్నానం చేయించి ఆరనివ్వాలి. కొందరు పిల్లల్లో పొక్కే లేవదు, మచ్చే పడదు. అయినా మళ్ళీ వేయించనక్కర్లేదు, టీకా పనిచేయలేదని దానర్థం కాదు. మీ తెలుగు కార్డులో బీసీజీ ఎదురుగా పుట్టిన రోజు తేదీ, సంతకం ఉన్నాయన్నారు కదా, అది చాలు. ఒడియా కార్డులోకి దాన్నే మొదట ఎక్కించమనండి.